బదులమ్మ తొమ్మిదో రోజు

ఇనుప పళ్ళెంలో గడ్డకట్టిన మైనాన్ని బదులమ్మ రేకుముక్కతో గీకుతూ ఉంది. వేడిగా ఉండగా గీకితే చేతికి అంటుకుంటుంది, మరీ చల్లారితే ఒక పట్టాన ఊడి రాదు. ఆ రెంటికీ నడుమ పది నిమిషాల వ్యవధి ఉంటుంది. పొద్దుటి పూజ అయ్యాక ఆ పది నిమిషాలు ఎవరు పిలిచినా ఆవిడ పలకదు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. కుడి బొటనవేలి గోరు కింద మైనం చేరి చేరి గోరు పసుపుపచ్చగా మారింది. మోకాళ్ళు నేలకు ఎంత అలవాటుపడ్డాయంటే, కుర్చీలో కూర్చుంటేనే నొప్పెడతాయి.

ఆ మైనం చర్చిలో పునీత యూదా తదేయు స్వరూపం ముందు వెలిగించే కొవ్వొత్తులది. అన్ని తలుపులూ మూసుకున్నాక జనం తట్టే తలుపు ఆయనది. డాక్టర్లు పెదవి విరిచినవాళ్ళు, ఉద్యోగం ఊడినవాళ్ళు, కొడుకు జాడ తెలియనివాళ్ళు తొమ్మిది రోజులు వరసగా వచ్చి ప్రార్థిస్తారు. నడుమ ఒక్కరోజు తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. కష్టమొచ్చింది కదా అని డ్యూటీ ఆగదు, పసిపిల్లకు జ్వరం రాకా మానదు. అలా తప్పిపోయే రోజును జనం ఈవిడకు అప్పగిస్తారు. వాళ్ళకు బదులుగా ఈవిడ మోకరిస్తుంది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఫాదర్‌గారు మొదట్లో "ఇదెక్కడి పద్ధతమ్మా?" అన్నారు. తరువాత తమ్ముడి ఆపరేషన్ నాడు తానే ఒక రోజు అప్పగించి వెళ్ళారు.

బదులమ్మవి రెండే షరతులు. కోరిక దాచకుండా చెప్పాలి, ఏమిటో తెలియని కోరికకు ఆవిడ నోరు పెగలదు. రెండోది, రోజుకు ఒక్కరికే. "ఒకే నోటితో ఇద్దరి గోడు వెళ్ళబోస్తే ఏది ఎవరిదో ఆయనకెలా తెలుస్తుంది?" అంటుంది.

ఈసారి కష్టం నేరుగా ఆవిడ ఇంటికే వచ్చింది. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన భర్త ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో పడ్డాడు. "నీ నోరు ఊరికి అద్దెకిచ్చేశావు. ఇంటి అవసరానికి దొరకదు" అని ఇన్నేళ్ళూ ఎగతాళి చేసిన మనిషి ఇప్పుడు నాలుగు మాటలాడితే ఆయాసపడుతున్నాడు. ఆవిడ కోరికలో వంకరటింకరలేమీ లేవు. ఆయన బతకాలి, అంతే. ప్రార్థన మొదలుపెట్టి ఎనిమిది రోజులు పూర్తయ్యాయి. ఈరోజు తొమ్మిదోది.

మైనం గీకడం పూర్తవుతుండగా బస్సు కండక్టరుగా పనిచేసే పిల్ల యూనిఫాంలో వచ్చి పక్కన వంగింది.

"అత్తా, ఇవాళే. గుర్తుందిగా? చెల్లికి కంటి ఆపరేషన్. నా తొమ్మిదో రోజు. సెలవు దొరకలేదు."

భర్త మంచం పట్టకముందు బదులమ్మ ఇచ్చిన మాట అది. తన రోజులు లెక్కపెట్టుకునేటప్పుడు ఆ సంగతే మరిచిపోయింది.

"మామయ్యకెలా ఉంది?"

"అలాగే ఉన్నారు. నువ్వెళ్ళమ్మా, బస్సుకు టైమవుతోంది."

తన తొమ్మిదో రోజూ ఇవాళేనని చెబితే ఆ పిల్ల సరేనని వెళ్ళిపోయేదే. అందుకే ఈవిడ చెప్పలేకపోయింది. కండక్టరు వెళ్ళాక మోకరించి, తానెప్పుడూ చూడని ఆ చెల్లెలి రెండు కళ్ళ కోసం మొదటి నుంచి చివరిదాకా ప్రార్థన చెప్పింది. తనది ఆసుపత్రిలో, ఆయన మంచం పక్కనే చెప్పుకోవచ్చనుకుంది. ఇన్నేళ్ళు అందరికీ విధించిన షరతును తానే తప్పబోతున్నందుకు సిగ్గేసింది. అయినా పాల ఫ్లాస్కు తీసుకుని గబగబా నడిచింది.

వార్డు గుమ్మంలోనే నర్సు ఎదురొచ్చి ఫ్లాస్కు అందుకుంది.

"ఇప్పుడే, పెద్దమ్మా. పావుగంటయింది. నిద్రలోనే పోయారు."

దుప్పటి గుండెల దాకా సర్ది ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, ఏదో ఎగతాళి మాట సగంలో ఆపినట్టున్నాడు. బదులమ్మకు ఏడుపొచ్చింది. దానితోపాటు కోపమూ వచ్చింది, ముందు తన మీద, ఆ తరువాత తదేయుగారి మీద. భర్త చల్లబడుతున్న చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

నర్సు మెల్లగా దగ్గరికొచ్చింది. "మీకు చెప్పొద్దన్నారు గానీ, ఇప్పుడు చెప్పేస్తా. రోజూ పన్నెండింటికి నన్ను మాట్లాడనిచ్చేవారు కాదు. 'మా ఆవిడ ఊరందరి రోజులూ మోస్తుంది, ఆవిడ కోసం ఎవరో ఒకరు మొయ్యాలిగా' అని కళ్ళు మూసుకునేవారు. మీ పునీతుడికే మొక్కేవారు. ఇవిగో, రోజుకో గీత."

మంచం పక్క బల్ల మీద, బట్ట మీద కొలత గీసినట్టు ఎనిమిది తెల్లటి గీతలున్నాయి.

"ఏమడిగారు?"

"నేనూ అడిగాను. 'ఒకరి కొలతలు ఇంకొకరికి చెప్పే దర్జీని ఎక్కడైనా చూశావా?' అని నవ్వేశారు."

గోడ గడియారంలో పన్నెండు కావస్తోంది. బదులమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, రెండు మంచాల నడుమ నేల మీద మోకరించింది. ఒకే రోజున రెండో కోరిక, అదీ ఏమిటో తెలియనిది. అయినా నోరు పెగిలింది.

"తదేయుగారా, ఈయన మిమ్మల్ని ఏదో అడిగారు. అదేమిటో నాకు తెలీదు. ఆయన బదులు నేనొచ్చాను. అదే ఇప్పించండి."

ప్రార్థన ముగించి, గీతల పక్కనున్న సుద్దముక్కతో తొమ్మిదో గీత గీసింది. అది పక్కకు పోయింది. ఈలోగా స్ట్రెచర్ వచ్చింది, ఆవిడ దాని వెంటే నడిచి వెళ్ళిపోయింది.

బల్ల మీద దర్జీ సుద్దముక్క ఉండిపోయింది, గోరంత మందాన అరిగి, ఒక అంచు ఇంకా పదునుగా.