ఆరని గోడ

మా అత్తగారు కోడళ్ళని పేర్లు పెట్టి పిలిచేది కాదు. నేను పెద్దది, నా తోడికోడలు చిన్నది. అత్తగారు పోయింది, ఆవిడ కొడుకులిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు. ఈ ఇటుకల ఇంట్లో మేమిద్దరం మిగిలాం. అరవై దాటినా అది ఇంకా చిన్నదే.

ఓ రోజు గిన్నెలు తుడుస్తూ చెప్పింది, వేరే ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా రమ్మన్నారని.

"పడమటి గోడకి రంగేసి వెళ్తా. నిన్నీ చెమ్మలో వదిలేస్తే అక్కడ నాకు నిద్ర పట్టదు," అంది.

పడమటి గోడ పడ్డ వానంతా తాగేస్తుంది. లోపలి గదిలో నా పుస్తకాల అట్టలు అప్పడాల్లా ఉబ్బిపోతాయి. పనివాళ్ళని పిలుద్దామంటే చిన్నది ఒప్పుకోలేదు.

"మన చేతులకేం రోగం?"

ముందు గోడ కడిగాం. చిన్నది నిచ్చెన మీద, నేను కింద. పాచి గీకి, ఇటుకల మధ్య రాలిపోయిన సందుల్లో సిమెంటు కూరాం. ఒకసారి నేను నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.

"దిగు. నువ్వు పడ్డావంటే నాకు హాస్టల్లో కాదు, ఆస్పత్రిలో కాపలా ఉద్యోగం."

రంగుల షాపతను డబ్బాలు దింపించి, జాగ్రత్తలు చెప్పాడు. "అమ్మా, ఇటుక లోపల తడి ఉండగా రంగేస్తే పొక్కులొచ్చి లేచిపోతుంది. సాయంత్రం గోడకి ఓ ప్లాస్టిక్ ముక్క పెట్టి నాలుగు వైపులా టేపు అంటించండి. పొద్దున్న దాని లోపలివైపు నీటి బొట్లు లేకపోతే అప్పుడు మొదలుపెట్టండి."

చిన్నది ఆ సాయంత్రమే అంటించింది.

ఈ గుమ్మంలో నిలబడి 'ఇప్పుడే వస్తా' అని వెళ్ళిన ఆ అన్నదమ్ములిద్దరూ మళ్ళీ రాలేదు. అందుకే ఎవరైనా బయల్దేరుతుంటే నేను వంటింట్లోకి పోయి డబ్బాల మూతలు తిప్పుతూ ఉంటాను.

మొక్కలకి నీళ్ళు పోయడం నా పని. ఆ సాయంత్రం గోడ పక్కకి వచ్చేసరికి చేతిలో మగ్గు నిండా నీళ్ళున్నాయి. టేపు ఓ మూల నెమ్మదిగా లేపాను. నీళ్ళు చల్లాను. మళ్ళీ అంటించాను.

పొద్దున్న ప్లాస్టిక్ లోపల బొట్లు బొట్లు.

"ఆరలేదు," అంది చిన్నది. హాస్టల్‌కి ఫోన్ చేసి గడువడిగింది. మర్నాడూ అదే. "ఇంత ఎండలో ఈ గోడకి చెమటలేమిటో," అంది ఆ మర్నాడు. నేను పేపర్లోంచి తల ఎత్తలేదు.

తర్వాత హాస్టల్ వాళ్ళే ఫోన్ చేశారు. ఆదివారానికి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారట. ఫోన్ పెట్టేసి చిన్నది గోడ దగ్గరికి వెళ్ళింది. అరచేత్తో పై నుంచి కిందికి తడిమింది.

"అక్కా, ఇలా రా."

వెళ్ళాను.

"చెమ్మ కిందనుంచైనా ఎక్కుతుంది, పైనుంచైనా దిగుతుంది. సరిగ్గా నీ చెయ్యి అందే ఎత్తులో పుట్టిన చెమ్మని నేనెక్కడా చూడలేదు."

"మొక్కలకి పోస్తుంటే చిందిందేమో."

"టేపు ఊడదీసుకుని మరీ చిందిందా?"

నేను మొక్కల వైపు చూశాను. వాటికి ఆ పూట నీళ్ళు కూడా పోయలేదు.

"ఉండమని నోటితో అడగొచ్చుగా," అంది.

"అడిగితే ఉంటావా?"

"ఉండను."

"మరెందుకు అడగడం?"

"ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఉన్నాను. వెళ్తానంటే ఉండమనే మనిషి ఒక్కరైనా ఉండొద్దా?"

"ఉండవే, చిన్నదానా."

"ఉండను, అక్కా." ఎంత మెత్తగా అందంటే, కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. మొక్కల పక్కనున్న మగ్గు తీసి నా చేతికిచ్చింది. "ఇది లోపల పెట్టిరా. మళ్ళీ బయటికి తేకు."

రెండెండలకి గోడ ఆరిపోయింది. శనివారం తొలి పూత వేశాం. కాస్త గోధుమ కలిసిన తెలుపు. ఇటుక ఆ రంగుని అందించినకొద్దీ పీల్చింది. చూరు దగ్గరి వరసలు చిన్నది వేసింది, కింది వరసలు నేను. దాని బ్రష్ నుంచి బొట్లు నా నెత్తిన పడుతున్నాయి.

"నీ జుట్టుకి కూడా ఒక పూత అయింది," అంది పైనుంచి.

రెండో పూతకి ఒక రోజు ఆగాలి. అంతవరకు ఆగే టైం చిన్నదానికి లేదు.

ఆదివారం ఆటో వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. చిన్నది చెప్పులతోనే లోపలికి వచ్చేసింది.

"మూతలు తర్వాత తిప్పుకుందువుగానీ, గేటు దాకా రా."

వెళ్ళాను. దాని సంచి పట్టుకుని మరీ వెళ్ళాను. చిన్నది 'ఇప్పుడే వస్తా' అనలేదు. "సెలవులకి వస్తా," అంది. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

సోమవారం రెండో పూత నేనే వేశాను. నిచ్చెన జోలికి పోలేదు. నా చెయ్యి అందినంత మేర రెండు పూతలు, ఆ పైన చిన్నది వేసిన ఒక్క పూత. మధ్యలో గీత వీధిలోంచి కూడా కనిపిస్తుంది. నేను నీళ్ళు చల్లిన ఎత్తు కూడా అదే.

అటుగా వెళ్తూ రంగుల షాపతను ఆగాడు. "అమ్మా, పైన పలచగా ఉండిపోయింది. ఓ మనిషిని పంపనా? పూటలో అయిపోతుంది."

"వద్దు బాబూ. నిచ్చెన పని మా చిన్నదానిది. సెలవులకి వస్తుంది."

మిగిలిన రంగు ఎండిపోకుండా డబ్బా మూత గట్టిగా బిగించి, మెట్ల కింద నీడలో పెట్టాను.