పనిచేసేటోళ్ళు ఎందరు?

శరణమ్మ జొన్నరొట్టె చరిస్తే ఆ చప్పుడుకు బొంబాయి రోడ్డు మీద లారీలు వాటంతట అవే ఆగేవని చిరాగ్‌పల్లిలో చెప్పుకుంటారు. సగం తరుగు తీసి నమ్మినా, ఆ పొద్దున వాళ్ళ హోటలు ముందు రెండు లారీలు ఆగే ఉన్నాయి. ఆమె నలభయ్యో రొట్టె చరుస్తుండగా, దుకాణాల సర్వే రాయడానికి బడిపంతులు మదన్‌మోహన్ వచ్చాడు. శరణమ్మ భర్త చెన్నబసప్ప గల్లా పక్కన కుర్చీ వేశాడు.

"యజమాని?"

"నేనే."

"పనిచేసేటోళ్ళు ఎందరు?"

"నేనొక్కన్నే సార్."

"మరి ఆమె?"

"ఆమె ఇంటామె. ఇంట్ల రొట్టెలు జేస్కుంటది."

"గా పొయ్యి ఇంటిదా, హోటల్దా?"

"రెండిటికి ఒక్కటే సార్."

పంతులు కాగితం తిరగేశాడు, మళ్ళీ ఇటు తిప్పాడు. ఇంటికో గడి, దుకాణానికో గడి ఉన్నాయి. రెండిటికీ ఒకే పొయ్యి అయితే ఎక్కడ రాయాలో పైవాళ్ళు చెప్పలేదు.

శరణమ్మకూ తెలియలేదు. తెల్లారి మొదటి రొట్టె మామకు, తర్వాతివి పిల్లలకు, ఆ తర్వాతివి లారీ డ్రైవర్లకు. ఏ రొట్టె దగ్గర ఇల్లు అయిపోయి హోటలు మొదలైంది? పిండి అదే, పెనం అదే, కాలే వేళ్ళూ ఇవే. "రొట్టెలు చేసుడు గూడ ఒక పనేనానే? మేం జెయ్యలేదా?" అనేది అత్త. నిజంగా పని కాదేమో. మరి పని కానిదానికి నడుమెందుకు నొస్తుంది? పాపం, నడుముకు చదువు రాదు.

"నిరుడు ఎన్ని దినాలు బంద్ వెట్టిన్రు?"

"పన్నెండు దినాలు సార్. ఈమె దవాఖానల ఉండె."

"మీరు ఊరికి పోయినప్పుడు?"

"జాతరకని ఎనిమిది దినాలు పోయిన. అప్పుడు బంద్ లేదు, ఫస్ట్‌గ నడిచింది!" అన్నాడు చెన్నబసప్ప మీసం దువ్వుతూ.

పంతులు రెండూ రాసుకుని, పనిచేసేవాళ్ళ గడిలో ఒకటి వేశాడు.

తను లేకపోతే మూతపడింది. ఆయన లేకపోతే నడిచింది. అయినా పనిచేసేది ఆయనొక్కడే. అబద్ధం చెబుతున్నది కాగితమా, పొయ్యా? శరణమ్మ ఎంతకీ తేల్చుకోలేకపోయింది. చేతుల పిండి కడుక్కుని వచ్చి గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చుంది.

"ఏమే, పెనం మీద రొట్టె మాడుతుంది!"

"సార్, జర ఆగుండ్రి," అంది పంతులుతో. "పనిచేసేటోడు ఆయనొక్కడే అని రాస్కున్నరు గదా. ఆయన చేసిన రొట్టె తిని పోండ్రి."