ఎత్తిన టోపీ

పరక తియ్యకుండానే డాయిల్ మడుగును అప్పగించేసరికి హోలిస్‌కు మతి పోయింది.

లిటిల్ ఎల్క్ నది మీద ఏ మడుగు దగ్గరైనా ముందు ఎవరు దిగాలన్నది ఇన్నేళ్లుగా గడ్డిపరకలే తేల్చేవి. ముగ్గురూ పాత నేస్తాలు; వర్నా పిడికిట్లో మూడు పరకలు పట్టుకుంటుంది. పొడుగుది ఎవరికి వస్తే ఇంకా బెదరని చేపలు వాళ్లవి. ఒకసారి తన పరక కొస తెగిపోయింది గానీ లేకపోతే అదే పొడుగని డాయిల్ మధ్యాహ్నం దాకా తగవు పెట్టుకుని, ఆ పూటంతా ఎవరినీ గాలం వెయ్యనివ్వలేదు. అంత ఘనుడు ఈ పొద్దున గట్టు మీద నిలబడి దానకర్ణుడిలా చెయ్యి ఊపాడు.

"నువ్వే దిగరా హోలిస్. నేను నీ దిగువన నిలబడతాను."

"మరి పరకలో?"

"పరకలూ లేవు గిరకలూ లేవు. దిగమన్నానా?"

మాట్లాడుతున్నంతసేపూ అతని చూపు హోలిస్ ముఖం మీద లేదు. చెవి పక్కగా ఎక్కడికో పోతోంది. హోలిస్ వర్నా వైపు తిరిగాడు. ఆవిడ చక్కగా బిగించి ఉన్న బూటు తాళ్లను విప్పి మళ్లీ బిగించుకోవడం మొదలుపెట్టింది. ఏదో ఉంది. ఏమిటో మాత్రం అంతు పట్టలేదు.

అసలు హోలిస్ ఈ ఏడు చేపల కోసం రాలేదు. ఒక్క ప్రశ్న అడగడానికి వచ్చాడు.

నిరుడు ఇదే నదిలో, రెండు వంపుల దిగువన, అతని కాలు జారింది. నడుం దాకా తొడుక్కున్న రబ్బరు తొడుగులోకి మంచునీళ్లు దూరాయి, చేతిలో గాలపు కర్ర పోయింది, ప్రవాహం రాళ్ల మీదుగా ఈడ్చుకుపోయింది. ఒక్కసారి తల పైకి వచ్చినప్పుడు గట్టు మీద డాయిల్ కనిపించాడు. ఇటే తిరిగి ఉన్నాడు. ఆ మహానుభావుడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ, టోపీ తీసి పైకెత్తాడు. మళ్లీ నీళ్లు మూసుకున్నాయి. చివరికి కింది వంపులో వర్నా అతని చొక్కా మెడపట్టీ దొరకబుచ్చుకుని లాగితే బతికాడు.

టోపీ ఎత్తడం ముగ్గురి ఆనవాయితీ. ఎవరికైనా పెద్ద చేప తగిలితే మిగతా ఇద్దరూ టోపీలు తీసి దండం పెట్టినట్టు పైకెత్తాలి. ఆ మర్యాద మునిగిపోతున్న మనిషికి చేశాడేమిటి? చేప తగిలిందనుకున్నాడా అంటే, హోలిస్ ఒంటి మీద ఎర్రచొక్కా ఉంది. చిన్నపిల్లాడు కూడా పోల్చుకోగలిగినంత దగ్గరలో ఉన్నాడు. ఆ రోజు దారంతా డాయిల్ పలకలేదు. క్షమించమనలేదు, ఎలా ఉందనీ అడగలేదు. తర్వాత శీతాకాలమంతా హోలిస్ తల బద్దలు కొట్టుకున్నాడు. ఎగతాళా? కసా? కసైతే ఎందుకు? పిల్లనిచ్చి పుచ్చుకున్నంత దగ్గరితనం తమది. ఈసారి అడిగెయ్యాలి. జవాబు సరిగా లేకపోతే ఇదే ఆఖరు, వచ్చే ఏడు ఫోను మోగినా తియ్యకూడదు. అలా గట్టిగా అనుకుని వచ్చినవాడు ఇప్పుడు నోట్లో ప్రశ్న పెట్టుకుని మింగలేక కక్కలేక నీళ్లలోకి దిగాడు.

రెండో విసురుకే ఒక ట్రౌట్ తగిలింది. గొంతు కింద ఎర్రగీత ఉన్న చక్కటి చేప. తడిచేత్తో పట్టి, ముల్లు తీసి వదిలేశాడు. వెనక్కి చూస్తే డాయిల్ తన వీపుకు అంటుకున్నట్టు నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ లేచిందిరా అది?"

"ఎదురుగానే కదా, ఆ బోడిరాయి పక్కన! కళ్లు ఇంటి దగ్గర పెట్టొచ్చావా?"

డాయిల్ నవ్వాడు గానీ, ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. తర్వాత సరిగ్గా బోడిరాయి పక్కకే గాలం విసిరాడు. అతని దారం చివర ఎరగా కట్టిన ఈకల బొమ్మపురుగును చూసి హోలిస్ నోరు తెరిచాడు. వీపు మీద బొటనవేలంత నారింజరంగు కుచ్చు ఉంది.

"ఏమిట్రా అది? పురుగా, పెళ్లికొడుకా?"

"నేనే కట్టాను, నీకేమైనా నొప్పా?" అని గట్టు మీంచి వర్నా కసిరింది.

హోలిస్‌కు ఇంకా అయోమయంగా ఉంది. మిజూలా ఊళ్లో వర్నా గాలాల కొట్టుకు వచ్చినవాళ్లెవరైనా రంగురంగుల పురుగులు అడిగితే, చేపలకు చూపిస్తారా, చుట్టాలకు చూపిస్తారా అని దులిపేసే మనిషి ఆవిడ. ఆవిడ చేతి పురుగుకు నారింజరంగు కుచ్చు! పైగా తన ట్రక్కు తాళాలు తండ్రికి కూడా ఇవ్వని డాయిల్, ఇవాళ ట్రక్కు బాగుచేతకు ఇచ్చానంటూ వర్నా కారులో పక్క సీట్లో కూర్చుని వచ్చాడు. వీళ్లిద్దరూ కలిసి తనకు తెలియనిదేదో నడుపుతున్నారు. మర్యాదగా సాగనంపుతున్నారా? నదిలో పడ్డ ముసలాడితో ఇక పడలేమని, ఈ ఒక్కసారికి మంచి మడుగులన్నీ ఇచ్చేద్దామనుకున్నారా? 

మధ్యాహ్నం చెట్లకింద హ్యామ్ శాండ్‌విచ్‌లూ హకల్‌బెర్రీ పళ్లు పెట్టి కాల్చిన పైయీ తిన్నారు. పెద్దముక్క హోలిస్‌కే ఇచ్చారు. అది చూసి అతనికి ఆకలి చచ్చిపోయింది.

"ఇవాళ నాకింత మర్యాద ఎందుకు జరుగుతోందో కాస్త చెప్తారా?"

"పుణ్యానికి పోతే ఇదొకటి! తిను నోరుమూసుకుని," అంది వర్నా.

డాయిల్ మరో ముక్క కొరికాడు. హోలిస్ చెవి పక్క నుంచి నదిని చూస్తూ నమిలాడు.

తర్వాతి మడుగులో హోలిస్ దిగనని మొండికేశాడు. "నువ్వు దిగు. నేను కూర్చుంటాను." డాయిల్ రెండు మూడు సార్లు బతిమాలి, ఇక తప్పక దిగాడు. విసురులో మాత్రం వంక లేదు. దారం గాలిలో అందంగా విప్పుకుని, పురుగు నీటిమీద ఈకలా వాలింది. నారింజకుచ్చు ప్రవాహంలో తేలుతూ వచ్చింది. రాయినీడ నుంచి ఒక ముక్కు లేచి దాన్ని మెత్తగా మింగింది.

డాయిల్ కదల్లేదు.

చేప పురుగును ఉమ్మేసింది. మళ్లీ విసిరాడు. మళ్లీ ముక్కు లేచింది, ఇంకాస్త పెద్దది. డాయిల్ ఉలకలేదు, పలకలేదు. హోలిస్ లేచి నిలబడ్డాడు. "కర్ర ఎత్తవేంరా!" అని అరవబోయి ఆగిపోయాడు. డాయిల్ గాలపు కర్ర కొన పురుగు వెంట పోవడం లేదు. దానికి బారెడు దూరంలో తేలుతున్న నురుగుముద్ద వెంట పోతోంది. మెడ ఓ పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి, ఆ నురుగుకు కాపలా కాస్తున్నాడు. రాయి తగిలి నురుగు పగిలింది. డాయిల్ చటుక్కున కర్ర ఎత్తాడు.

హోలిస్ వర్నాను చూశాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది.

"ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడయ్యా," అంది గొంతు తగ్గించి. "కుచ్చు పెద్దది కట్టమని చలికాలంలో వచ్చాడు. ఎదురుగా ఉన్నది కనపడదట వాడికి. ఓరగా చూస్తే ఏదో కాస్త. నువ్వెక్కడ విసిరితే అక్కడ విసరొచ్చని నిన్ను ముందు దింపుతున్నాడు."

హోలిస్ నీళ్లలోకి నడిచి డాయిల్ భుజం పక్కన నిలబడ్డాడు. అడుగుల చప్పుడుకు డాయిల్ బిగుసుకుపోయాడు.

"విసురు," అన్నాడు హోలిస్.

డాయిల్ విసిరాడు. కుచ్చు తేలుతూ వచ్చింది. నీడ కదిలింది.

"ఉండు... ఉండు... ఎత్తు!"

కర్ర విల్లులా వంగింది. దారం చుట్టిన రీలు గిర్రున తిరిగింది. చేప అడుగుకు పోయి, ప్రవాహంలో పడి కిందికి పరుగు తీసింది. డాయిల్ దాన్ని పోనిచ్చి, ఆపి, మళ్లీ పోనిచ్చాడు. ఆ చేతులకు చూపుతో పని లేదు. కొంతసేపటికి నదివైపే ముఖం పెట్టుకుని మాట్లాడాడు.

"నిరుడు చప్పుడు విన్నాను. ధబేల్‌మని. నీకు పెద్దది తగిలిందనుకున్నానురా. ఎర్రగా ఏదో మెరిస్తే, అది చేప అనుకున్నాను. ఎంత సంతోషమేసిందో."

హోలిస్ ఇంకో అడుగు దగ్గరికి జరిగాడు.

"వర్నా కేకలు వినిపించాకే తెలిసింది. నా కళ్ల సంగతి చెప్తే మీరు నన్ను నదికి రానివ్వరనుకున్నాను. పోనీ, దుర్మార్గుణ్ణనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను."

"అనుకున్నాను," అన్నాడు హోలిస్. "సంవత్సరమంతా అదే అనుకున్నాను. సన్నాసీ, ఒక్క ముక్క చెప్పి ఏడిస్తే ఏం పోయేది?"

"తిట్టు. ముందు ఇది ఎంత ఉందో చెప్పు."

చేప మడుగు మధ్యలో ఒక్కసారి ఎగిరి పడింది. మూరెడు పొడుగుంది. ఇన్నేళ్లలో ఈ నదిలో అంతటిది ముగ్గురిలో ఎవరికీ తగల్లేదు. 

"టోపీ తీసేటంత ఉంది," అన్నాడు హోలిస్.

"మరి తీశావా?"

"తీశాను."

"అబద్ధాలాడకు. నాకు కనపడదు కదా అని."

"చూసుకో అయితే."

డాయిల్ కర్రను కుడిచేత్తో బిగించి, ఎడమచెయ్యి చాపాడు. అది ముందు గాలిలో తడుముకుంది, తర్వాత హోలిస్ చెవికి తగిలింది, ఆ తర్వాత బోడినెత్తి మీదికి పాకి అక్కడే ఆగింది.