చదువుల నెల

కోటేశ్వరరావు మాస్టారి మీద నాకు కోపమని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎందుకో సగం మందికి తెలియదు. తెలిసినవాళ్ళేమో "పోనీలే రత్నం, పిల్ల స్టేజీ ఎక్కింది, నలుగురూ చప్పట్లు కొట్టారు, ఇంకేం కావాలి?" అంటారు. నాకేం కావాలో చెబుతాను, వినండి.

నాకు చదువు రాదు. మా ఆయన శాలేమురాజుకీ రాదు. ఆయన రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు, నేను పొలం పనులకి వెళతాను. చదువు లేని లోటు ఇంట్లో ఉన్నంతసేపూ తెలియదు, గడప దాటితేనే తెలుస్తుంది. రేపల్లె బస్టాండులో నిలబడి వచ్చిన ప్రతి బస్సుకీ పక్కవాళ్ళ మొహం చూడాలి. కొందరు మర్యాదగానే చెబుతారు. కొందరు "బోర్డు కనపడట్లా?" అంటారు. ఆ మాట అనిపించుకున్న రోజు నాకు అన్నం సయించదు. నా కూతురు క్రిస్టినా ఎవరితోనూ ఆ మాట పడకూడదు. దాన్ని బడికి పంపింది అందుకే. ఉద్యోగాలూ ఊళ్ళేలడాలూ నేనెప్పుడూ అడగలేదు.

ఐదో తరగతికి వచ్చినా దానికి అక్షరాలు కుదురుగా రాలేదు. అలాగని మొద్దు కాదు. ఒకసారి వింటే చాలు, ఆదివారం పాస్టరుగారి ప్రసంగాన్ని మధ్యలో ఆయన దగ్గిన దగ్గుతో సహా అప్పజెప్పేస్తుంది. అంత జ్ఞాపకం ఉన్న పిల్లకి చదువెందుకు రాదా అని నేనే మథనపడేదాన్ని.

నవంబరులో మా బడికి చదువుల నెల వచ్చింది. పైనుంచి ఉత్తర్వట. నెల మొదట్లో చదవలేని పిల్లలు నెలాఖరుకి చదవాలి, దాంతోపాటు రోజుకో కార్యక్రమం జరగాలి. బడికి ఉన్నదల్లా ఇద్దరు, మాస్టారూ సాహితి టీచరూ. మాస్టారు హుషారైన మనిషి. ఇంటింటికీ తిరిగి చెప్పారు. మా గుమ్మం ముందు నిలబడి, "అమ్మా రత్నం, నీ కూతుర్ని నెల్రోజులు నాకొదిలెయ్. గడగడా చదివించే పూచీ నాది" అన్నారు. నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. ఆ దండం ఇప్పుడు గుర్తొస్తే చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

నెలంతా సందడే సందడి. "చదువుకుందాం" అని అరుస్తూ పిల్లలు వీధులన్నీ తిరిగారు. బడి వెనక మళ్ళు కట్టి తోటకూర చల్లారు. బాలల దినోత్సవానికి వేషాలు, ఆడపిల్లలకి ముగ్గుల పోటీ. పరుగు పందెంలో కిరీటి అనే పిల్లాడు మండలం మొత్తానికి మొదటివాడిగా వచ్చాడు. ఏం జరిగినా మాస్టారు ఫోనెత్తి ఫొటో తీసి పైకి పంపాలి. మొహాల మీద ఎండ పడి ఫొటో సరిగా రాలేదని ఒకే వేప మొక్కని పీకి పీకి మూడుసార్లు నాటించారు. మొక్క చచ్చిపోయింది గానీ ఫొటో మాత్రం బాగా కుదిరిందట. మేమంతా పడీ పడీ నవ్వుకున్నాం.

క్రిస్టినాకి కథ చదవటం అప్పజెప్పారు. ఏదో పీత కథ. సాయంత్రం ఇంటికొచ్చాక "ఏదీ, నాకు చదివి వినిపించవే" అన్నాను.

"సారు పుస్తకం ఇంటికియ్యలేదమ్మా. ఇంటికాడ చదివితే గొంతు పాడైపోద్దన్నారు" అంది.

ఒకరోజు వాళ్ళ నాన్న రొయ్యల మేత సంచి తెచ్చి, దాని మీద ఏం రాసుందో చూడమన్నాడు. దానికీ అదే జవాబు. "పిల్ల గొంతుతో నీకు ఆటలా? మాస్టారు చెప్పారంటే కారణం ఉంటది" అని ఆయన్ని కసిరాను. మిరియాలూ పటికబెల్లమూ కలిపి నూరి రోజూ దాని నోట్లో పోశాను. నా తెలివికి నాకే నవ్వొస్తోంది.

నెలాఖరున బడి ముందు షామియానా వేసి సభ పెట్టారు. మండలం నుంచి అధికారులు వచ్చారు. వరికోతలు ముమ్మరంగా ఉన్నా కూలి మానుకుని ముందు వరసలో కూర్చున్నాను. క్రిస్టినా పుస్తకం పట్టుకుని నిలబడింది. వేలు ఒక్కో మాట కింద కదులుతుంటే గొంతు ఖంగుమంది. "అనగనగా ఒక పీత. పీతకి కాళ్ళు బోలెడు, చెప్పులు మాత్రం లేవు." ఎక్కడా తడబడలేదు. పీత ఏడ్చే చోట ఏడుపు గొంతు, తిట్టే చోట తిట్టే గొంతు. మాస్టారు మైకు అందుకుని, "నెల కిందట అక్షరం ముక్క రాని పిల్ల! ఇదీ మా బడి సాధించిన విజయం" అన్నారు. మెడలో పతకం వేశారు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నా పుట్టుకకి అంత సంతోషం అదే మొదలు.

దాన్ని బాపట్లలో జిల్లా సభకి ఎంపిక చేశారు. కారులో చార్టులూ బొమ్మలూ, పందెం పిల్లలూ నిండిపోయారని, మమ్మల్ని బస్సులో రమ్మన్నారు మాస్టారు. రేపల్లెలో బాపట్ల బస్సు ఎక్కితే నేరుగా వచ్చేస్తారు, దిగగానే నేనుంటాను అన్నారు.

పొద్దున్నే రేపల్లె బస్టాండులో నిలబడ్డాం. పక్కపక్కనే రెండు బస్సులు ఆగి ఉన్నాయి. అలవాటు కొద్దీ పక్కనున్న ఆయన వైపు తిరగబోయి ఆగిపోయాను. ఇంకెవర్నో అడిగే ఖర్మ నాకేంటి?

"నువ్వు చదువు తల్లీ. ఏది బాపట్ల బస్సు?" అన్నాను.

అది రెండు బోర్డుల వైపూ చాలాసేపు చూసింది. పెదాలు కదిలించింది. "ఇదే" అని ఒకదాన్ని చూపించింది.

నేను నేల మీద నిలబడలేదంటే నమ్మండి. అంతలో కళ్ళకి నల్లద్దాలు పెట్టుకున్న పెద్దాయన ఒకరు, "అమ్మాయ్, ఇదేం బస్సు?" అని అడిగారు. నన్ను! ఇన్నేళ్ళలో నన్ను ఒకరు బస్సు అడగటం అదే మొదటిసారి. "బాపట్ల పోద్ది బాబాయ్, ఎక్కు. మా అమ్మాయి బోర్డు చదివింది" అని చెయ్యి పట్టుకుని మరీ ఎక్కించాను.

ఆడవాళ్ళకి టికెట్టు లేకుండా చేశాక బస్సుల్లో కాలు పెట్టే చోటుండటం లేదు. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వెనక్కి వచ్చేసరికి చాలా దూరం వచ్చేశాం.

"ఎక్కడికమ్మా?"

"బాపట్లండి. ఈ బాబాయిది కూడా బాపట్లే."

"బాపట్లేంటమ్మా! ఇది తెనాలి బండి. భట్టిప్రోలు వచ్చేశాం. బోర్డు చూసుకుని ఎక్కొద్దా?"

"మా అమ్మాయి చూసిందండి" అన్నాను. కండక్టరు దాని మెడలో పతకం చూసి ఫక్కున నవ్వాడు. చుట్టుపక్కలవాళ్ళూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. "కంటాసుపత్రికి పోవాలమ్మా నేను. నాకు చూపానదు గనక నిన్నడిగాను. పసిదాని మాట పట్టుకుని నన్ను ఎక్కిస్తావేంటి?" అన్నారు. భట్టిప్రోలులో ముగ్గురం దిగాం. ఆయన గొణుక్కుంటూ ఆటో వెతుక్కోటానికి వెళ్ళిపోయారు.

పిల్ల తొందరలో పొరబడిందేమో అనుకున్నాను. తల్లిని కదా, అదే అనుకుంటాను. ఎదురుగా ఒక కొట్టు మీద పెద్ద పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. "కంగారు పడకుండా నెమ్మదిగా చదువు. అదేం కొట్టు?" అన్నాను.

అది నా వైపు చూడలేదు. వేలెత్తి ఆ బోర్డు మీదుగా గాలిలో కదిలించింది. "అనగనగా ఒక పీత..." అంది.

ఒక్కటేశాను. నడిబజారులో, నలుగురూ చూస్తుండగా. అది ఏడవలేదు. చెంప పట్టుకుని, "నాకు చదవటం రాదమ్మా. సారుకి తెలుసు" అంది.

కొట్టు అరుగు మీద కూలబడ్డాను. అది పక్కన కూర్చుని అంతా చెప్పింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మాస్టారు దాన్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని కథ చెప్పేవారట. నోటికి వచ్చాక వేలు ఎంత జోరుగా కదలాలో, ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో నేర్పారట. మిగతా పిల్లలు అక్షరాలు దిద్దుతుంటే ఇది ఆ పేజీ తిప్పటమే దిద్దింది.

"అంతమంది ఉంటే నువ్వే దొరికావా ఆయనకి?" అన్నాను.

"ముందు భవ్య అనుకున్నారమ్మా. తర్వాత సాహితి టీచరుతో చెప్పారు. 'భవ్య వద్దు టీచర్, వాళ్ళ నాన్న ఇంటి దగ్గర చదివించి చూస్తాడు, దొరికిపోతాం. క్రిస్టినా అయితే ఇబ్బంది లేదు. వాళ్ళింట్లో ఎవరికీ చదువు రాదు' అని."

దానికి ఆ మాటలో తప్పేముందో తెలియదు. విన్నది విన్నట్టు, అచ్చం ఆయన గొంతుతోనే అప్పజెప్పింది. నేను చదువుకోలేదన్న మాట చాలామంది అన్నారు. అది చూసుకుని నన్ను ఎంచుకున్నవాడు ఈయనొక్కడే. నేను దండం పెట్టింది ఈ మనిషికే.

ఫోను మోగింది.

"ఎక్కడున్నారు రత్నం? ఇక్కడ మొదలుపెట్టబోతున్నారు."

"భట్టిప్రోలులో ఉన్నామండి. తెనాలి బస్సెక్కాం."

"అయ్యో! ఎక్కేముందు ఎవర్నన్నా అడగొద్దా అమ్మా?"

"నా కూతుర్నే అడిగానండి."

అటువైపు మైకులో ఎవరో పిల్లల పేర్లు పిలుస్తున్నారు. ఆయన గొంతు తగ్గించి, "చూడమ్మా, నెల్రోజుల్లో అందరికీ చదువు వచ్చేయాలంటే ఎట్లా వచ్చిద్ది? మా మీద ఎంత ఒత్తిడో నీకు తెలీదు. పిల్లకి మంచి పేరొచ్చింది, బడికీ పేరొచ్చింది. నువ్వు వెనక్కెళ్ళి బాపట్ల బస్సెక్కు. మనది ఆఖర్న పెట్టిస్తాను" అన్నారు.

"అందరి సంగతీ నాకొద్దండి. నా పిల్లని నెల్రోజులు పక్కన కూర్చోబెట్టుకున్నారు కదా. ఆ కథ బదులు అక్షరాలు చెప్పుంటే సగమన్నా వచ్చేవి కాదా అండి?"

"అది కాదమ్మా, నా మాట విను..."

"ఇన్నాళ్ళూ విన్నానండి. మేం రాము" అని ఫోను పెట్టేశాను. ఆయన్ని ఇంకా ఏమేమో అనాల్సింది. అండీ అండీ అనకుండానన్నా ఉండాల్సింది.

"బాపట్ల పోవట్లేదా అమ్మా? నాకు కథంతా వచ్చు కదా, బాగా చెప్తాను" అంది క్రిస్టినా. వద్దు, ఇంటికెళ్ళిపోదాం అన్నాను. కొట్టినచోట చెంప ఎర్రగా కందిపోయి ఉంది, చేత్తో నిమిరాను.

దూరంగా బస్సు కనపడింది. నేను కళ్ళు తుడుచుకుని లేచేలోపే అది పరుగెత్తుకెళ్ళి, బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ ముందు ఆగింది. తల కొంచెం వంచి, మొహాన చిన్న నవ్వు పెట్టుకుని, "అత్తా, ఈ బస్సు రేపల్లె పోద్దా?" అని అడిగింది. ఆ వంగటం నాదే, ఆ నవ్వూ నాదే. నేనెప్పుడూ నేర్పలేదు, నా పక్కన నిలబడి చూసి నేర్చుకుంది.