పూత వదిలిన తాబేలు

వీధిలో అతన్ని అందరూ డబ్బా అంటారు. దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాయడం అతని పని కాబట్టి చేతిలో ఎప్పుడూ రంగు డబ్బా ఉంటుంది, అదొక కారణం. రెండో కారణం అతను నోరు తెరిస్తే మీకే తెలిసిపోతుంది. నాలుగు మాటలు మాట్లాడితే మూడు తన గొప్ప, నాలుగోది శ్లేష. ఆ శ్లేషకు అందరికంటే ముందు నవ్వేదీ అతనే. ఆ నవ్వుకి పక్కింటి కిటికీ తలుపులు వాటంతట అవే మూసుకుంటాయని అత్తగారు అంటుంది. అది అతిశయోక్తి. ఎవరో ఒకరు లేచి మూస్తారు.

అలాంటి డబ్బా ఒకరోజు జంతువుల ఆశ్రయానికి కొత్త బోర్డు రాయడానికి వెళ్ళాడు. పని ముగించి, నిచ్చెన దిగి, చేతులు కడుక్కుందామని వెనక గదిలోకి అడుగు పెట్టి అక్కడే నిలబడిపోయాడు. కుళాయి పక్కన ప్లాస్టిక్ టబ్బులో ఒక తాబేలు. దాని డిప్ప మీద ఒక గడి ఎరుపు, ఒక గడి బంగారు రంగు, పైన మెరుపు పొడి.

"ఎవడండీ ఈ పెయింటు వేసింది?" అని గావుకేక పెట్టాడు.

ఆశ్రయం నడిపే మేడమ్ పాము దూరిందనుకుని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. సంగతి తెలిశాక కర్ర గోడకి ఆనించింది.

"ఎవరింట్లోనో పిల్లల పుట్టినరోజుకి ముద్దుగా ఉంటుందని వేశారట. పండగ అయిపోయాక స్నానాల గదిలో బకెట్లో పడేసి మర్చిపోయారు. పాలల్లో నానేసిన బ్రెడ్డు తప్ప ఇంకోటి పెట్టలేదు. ఇప్పుడు అదీ ముట్టట్లేదు."

"వేసే ముందు తుడవాలనైనా తెలీదా వాళ్ళకి? ప్రైమర్ లేదు, అంచు లేదు, తడి ఆరకుండా రెండో పూత..."

"అది గోడ కాదండీ," అంది మేడమ్. "ప్రాణి."

డబ్బాకి మూత పడింది. కిందకి వంగి చూశాడు. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. ముక్కు కొన చిలకముక్కులా కిందకి పెరిగిపోయి నోటికి అడ్డంగా వేలాడుతోంది. గోడ అయితే పెచ్చులూడి తన బాధ తనే చెప్పుకునేది. ఇది తల లోపలికి లాక్కుని ఊరుకుంది. రంగు చేసిన పాపం రంగువాడే కడగాలి అనిపించింది అతనికి. తన వృత్తి పరువు మొత్తం ఆ టబ్బులో మునిగి ఉన్నట్టనిపించింది.

"నాకివ్వండి," అన్నాడు.

మేడమ్ అతన్ని ఎగాదిగా చూసింది. "ఇస్తాను. మా పద్ధతి ఒకటుంది. వచ్చే ఆదివారం పొద్దున్నే మీ ఇంటికొస్తా. అప్పటికి అది తనంతట తాను తింటుంటే మీది. లేదంటే తీసుకెళ్ళిపోయి గొట్టంతో తినిపించాల్సిందే. అలా వెనక్కి తెచ్చుకున్నదాన్ని మళ్ళీ అదే ఇంటికి ఇవ్వం."

"ఆదివారం దాకా ఎందుకు మేడమ్, రేపటికల్లా మా అత్తగారి కంటే ఎక్కువ తింటుంది చూడండి!" అని నవ్వాడు. తాబేలు కాళ్ళు కూడా లోపలికి లాక్కుంది.

దారిలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ చిన్న మరతో ముక్కు అరగదీసి, నోరు తెరిచి చూసి, డిప్ప అంచు బొటనవేలితో నొక్కింది. "మెత్తబడిపోయింది. ఎండ లేదు, సరైన తిండి లేదు, పైన ఈ రంగొకటి."

"ఒక్క గుడ్డ, కాస్త థిన్నర్ ఉంటే చాలు డాక్టరమ్మా, పది నిమిషాల్లో..."

"థిన్నర్ తగిలిందా, చచ్చిపోతుంది!" డాక్టరమ్మ గొంతు మొదటిసారి లేచింది. "అది చొక్కా కాదు, విప్పి ఉతకడానికి. లోపలంతా బతికున్న ఎముక. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి పళ్ళ బ్రష్షు, వెదురు పుల్ల. రోజుకి ఒక గడి. అంతకు మించి తొందరపడ్డారో, రంగుతో పాటు ప్రాణమూ ఊడుతుంది. పొద్దుటెండ చూపించండి. తినడానికి ఇప్పుడు దానికి ఏ అడ్డూ లేదు. తినాలని దానికే అనిపించాలి."

"అయితే ఎప్పటికి నెమ్మదిస్తుందంటారు?"

"తాబేలు కదా," అంది డాక్టరమ్మ నవ్వకుండా. "నెమ్మదిగానే ఉంది."

జీవితంలో తనకంటే ముందు ఇంకొకరు శ్లేష వెయ్యడం డబ్బాకి కొత్త. మందుల సంచీ అక్కడే మర్చిపోయి, వీధి చివరి నుంచి మళ్ళీ వెనక్కి వచ్చి తీసుకున్నాడు.

ఇంట్లో స్వాగతం ఘనంగా జరిగింది.

"బోర్డు రాసి రమ్మంటే బండరాయి తెచ్చారేంటి?" అంది భార్య. ఆమె ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. 'కదలకండి, ఊపిరి బిగపట్టండి' అని రోజంతా రోగులకి చెప్పి, ఇంటికొచ్చాక మొగుడికీ అదే చెప్తుంది. ఆ మాట అక్కడ పని చేస్తుంది, ఇక్కడ చెయ్యదు.

"బండ కాదే, తాబేలు. దీన్ని చూడు, తాబేలు కాదు, తా బేల! అందుకే పేరు బేల అని పెట్టా."

"ఇంట్లో తలదాచుకునే చోటు లేక నేను వంటింట్లో పడుకుంటుంటే ఇంకొకర్ని తెచ్చారా అల్లుడుగారూ?" అంది అత్తగారు.

"దానికి చోటెందుకత్తయ్యా? తల దాచుకోవడానికి ఇల్లు వెంటే తెచ్చుకుంది!"

"మరి మీ శ్లేషల నుంచి తల దాచుకోవడానికి నాకూ ఒక డిప్ప తెచ్చిపెట్టండి."

మర్నాటి నుంచి పని మొదలైంది. డబ్బా చెయ్యి నలభై ఏళ్ళు రంగు ఎక్కించిన చెయ్యి, దించడం దానికి తెలియదు. వెనక వరండాలో పొద్దుటెండ పడే చోట స్టూలు వేసుకుని, వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి బేలని కూర్చోబెట్టేవాడు. ఒక గడి మీద తడిగుడ్డ వేసి, నానాక పుల్లతో అంచు లేపి, బ్రష్షుతో అటూ ఇటూ తిప్పేవాడు. అరగంట తోమితే గోరంత రంగు వచ్చేది. చేతివేళ్ళు తొందర తొందర అనేవి. 'థిన్నర్' అని ఒక్కసారి తలుచుకుంటే డాక్టరమ్మ గొంతు చెవిలో మోగేది. మళ్ళీ తోమేవాడు.

మొదటి గడి పూర్తిగా వదిలిన రోజు గుడ్డతో తుడిచి ఎండకి తిప్పి చూశాడు. కింద తేనె రంగు. ఆ తేనెలో ఒకదాని చుట్టూ ఒకటి సన్నటి గీతలు, ఏ బ్రష్షుకీ లొంగనంత సన్నగా. అంత సన్న గీత చెయ్యి వణక్కుండా తను ఒక్కటి కూడా లాగలేడు. ఈ సంగతి పైకి చెప్పలేదనుకోండి. ఎంతైనా డబ్బా కదా.

రంగు వదులుతోంది గానీ, మొండితనం వదలడం లేదు. లేత గడ్డి పెట్టాడు, కలుపు ఆకులు పెట్టాడు, డాక్టరమ్మ చెప్పిన పొడి చల్లి పెట్టాడు. బేల వాటి మీద నుంచి నడిచి వెళ్ళింది. ఒకసారి ఆకుల మీదే పడుకుంది. "తినవే తల్లీ" అని అతను వంగితే చాలు, సర్రున తల లోపలికి పోయేది.

"మీ గొంతుకి గోడ మీద సున్నమే రాలుతుంది, అదెంత?" అంది అత్తగారు.

"తినమని బతిమాలుతున్నా కదత్తయ్యా."

"బతిమాలడం కూడా మైకులోనేనా?"

ఆ మాట అతనికి గుచ్చుకుంది. ఆదివారం దగ్గరపడుతోంది. మేడమ్ వచ్చి ఆ టబ్బులో వేసుకుని తీసుకుపోతుంది. సగం రంగు వదిలిన డిప్పని ఎవరు పూర్తి చేస్తారు? ఎవడో తొందరపడి థిన్నర్ ముట్టిస్తే? అన్నం సహించలేదు. అలా ఊరికే కూర్చోలేక, శుక్రవారం సాయంత్రం బేలకి ఒక దొడ్డి కట్టడం మొదలుపెట్టాడు. మూతబడ్డ దుకాణాల పాత బోర్డులు ఇంట్లో బోలెడు. నాలుగు పలకలు తీసుకుని, రాత కనిపించకుండా తిరగేసి చదరంగా బిగించాడు. బాగానే కుదిరింది. అయితే ఆ పలకల వెనక వైపు ఒట్టి చెక్క. ఒట్టి చెక్కని చూస్తూ కూర్చోవడం డబ్బా వల్ల అయ్యే పని కాదు. వాసన లేని నీళ్ళ రంగులు తీసుకుని, ఒక పలక మీద పచ్చిక వేశాడు. పచ్చిక మధ్యలో ఒక్క పువ్వు. ఎర్ర మందారం, అయిదు రేకులు విచ్చుకుని, మధ్యలో పసుపు కేసరం.

భార్య డ్యూటీ నుంచి వచ్చి చూసింది. "డాక్టరమ్మ పెయింటు వద్దంది కదండీ!"

"దాని ఒంటి మీద వద్దంది. దాని ఇంటి మీద వద్దనలేదు."

"లాయరు కావలసిన మనిషి," అంది భార్య తన తల్లితో.

"అయితే జడ్జీలు తల దాచుకునేవాళ్ళు," అంది తల్లి.

శనివారం పొద్దున రంగు బాగా ఆరాక బేలని దొడ్లో దించాడు. తన నోటి మీద నమ్మకం లేక నాలుగడుగులు వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. బేల కాసేపు కదల్లేదు. తర్వాత మెడ బయటికి పెట్టింది. అటు చూసింది, ఇటు చూసింది. గడ్డి తొక్కుకుంటూ, ఆకుల మీదుగా, నేరుగా ఆ పలక దగ్గరికి నడిచింది. మెడ బారెడు చాచింది. నోరు తెరిచింది. బొమ్మ మందారాన్ని కటుక్కున కొరికింది.

"అమ్మో! పెయింటు తినేస్తోందిరో!"

పక్కింటి కిటికీ మూసుకుంది. బేల డిప్పలోకి మూసుకుంది. డబ్బా పరుగున వెళ్ళి, పలక ఊడబెరికి, డాక్టరమ్మకి ఫోను చేశాడు. తప్పయిపోయిందన్నాడు, చంపేశానన్నాడు, ఇంకా ఏదేదో అన్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి," అంది డాక్టరమ్మ. "ఎంత కొరికింది?"

"గోరంత. చెక్క మీద గాటు పడిందంతే, రంగు నోట్లోకి పోయినట్టు లేదు."

"అయితే ప్రమాదం లేదు. తడిగుడ్డతో మూతి తుడవండి. నడిచి వెళ్ళి నోరు తెరిచిందన్నారు కదా, ఏ రంగు దగ్గరికి?"

"ఎరుపు. మందారం."

"ఎరుపు తాబేళ్ళకి బాగా కనిపిస్తుందండీ. దానికి ఆకలి పుట్టింది. ఇక బొమ్మ తీసేసి, అసలుది పెట్టండి."

అసలుది ఇంట్లో ఒక్కటే ఉంది. అత్తగారి కుండీలో. ఆ మొక్కకి చాలా రోజుల తర్వాత ఒక్క మొగ్గ వచ్చింది. చీమలు ఎక్కకుండా కుండీని నీళ్ళ పళ్ళెంలో పెట్టి, అల్లుడి చెయ్యి పడకుండా తన మంచం పక్కకే జరుపుకుంది. రేపో మాపో విచ్చుకుంటుందని వారం నుంచి వీధి మొత్తానికి చెప్తోంది. ఆ మొగ్గ అడగడానికి డబ్బాకి నోరు రాలేదు. అతనికి నోరు రాకపోవడం చూసి ఇంట్లో ఇద్దరూ భయపడ్డారు. అప్పుడు భార్యే చెప్పింది సంగతి. అత్తగారు విని, లోపలికి వెళ్ళి కుండీకి ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

ఆదివారం మేడమ్ వచ్చింది. చేతిలో ఖాళీ టబ్బు. బొమ్మ వేసిన పలక స్థానంలో ఇప్పుడు ఒట్టి చెక్క పలక ఉంది. అత్తగారు లోపలి నుంచి వచ్చింది. ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో విచ్చుకున్న మందారం.

"ఇంద. కిందపడితే మళ్ళీ లేదు."

డబ్బా దాన్ని పలక సందులో దోపాడు. బొమ్మ పువ్వు ఎంత ఎత్తులో ఉండేదో సరిగ్గా అంత ఎత్తులో. తర్వాత వెనక్కి వచ్చి గోడకి అతుక్కుని నిలబడ్డాడు.

బేల మెడ బయటికి పెట్టింది. ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు. డబ్బాకి నాలుక మీదికి ఒక శ్లేష వచ్చింది. పూత మీద, పువ్వు మీద, ఒకే దెబ్బకి రెండు, అంత మంచిది అతనికి ఏళ్ళ తరబడి తట్టలేదు. పెదవులు విడుతున్నాయి. భార్య అటు చూడకుండానే మెల్లగా అంది:

"కదలకండి. ఊపిరి బిగపట్టండి."

ఆ ఇంట్లో మొదటిసారి ఆ మాట పని చేసింది. బేల మెడ చాచింది. మొదటి కాటు గాలికి పోయింది. రెండో కాటుకి రేకు ముక్కుకి అతుక్కుంది. మూడోసారి బేల పువ్వు కొరికింది, డబ్బా నాలుక కొరుక్కున్నాడు. రేకు చిరిగింది. దవడ కదిలింది. ఎర్రటి రసం మూతి మీదుగా కారింది. మింగింది. మళ్ళీ నోరు తెరిచింది.

మేడమ్ ఖాళీ టబ్బు బోర్లించి దాని మీద కూర్చుంది. "మీదేనండీ," అంది.

బిగపట్టిన ఊపిరంతా ఒక్క నవ్వై బయటపడింది. అలాంటి నవ్వు ఆ వీధి ఇంతవరకూ వినలేదు. పక్కింటి కిటికీ దభేల్న మూసుకుంది. బేల సర్రున తల లాక్కుంది. అందరూ డబ్బా వైపు కొరకొరా చూశారు. అతను రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అంతలో డిప్ప కింద నుంచి ముందు ఎర్రటి రేకు కొన వచ్చింది, దాని వెనక ముక్కు వచ్చింది, తర్వాత తల మొత్తం వచ్చింది. అతని వైపు ఒకసారి చూసి, నములుతూనే ఉంది.

"అలవాటైపోయింది పాపం," అంది అత్తగారు. "నాకు ఇన్నేళ్ళు పట్టింది."

మేడమ్ వెళ్ళాక డబ్బా గిన్నెలో నీళ్ళు కాచాడు. ఇంకా సగం గళ్ళు మిగిలాయి. తొందరేం లేదు. స్టూలు వేసుకుని బ్రష్షు తడుపుతుంటే అత్తగారు వచ్చి పక్కన నిలబడింది.

"ఆ బొమ్మ పలక ఎక్కడ పెట్టారు?"

"వరండా మూల. ఏం?"

"మేకు ఉందా ఇంట్లో? ఉన్న ఒక్క పువ్వూ కోసేశాను. కుండీ పక్కన చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండొద్దూ."

డబ్బా లేచాడు. "మేకేం భాగ్యం, ఆ గాటు పూడ్చి, కొత్తగా ఒక పూత వేసి ఇస్తానుండండి."

"దాని మీద చెయ్యి వేశారో, విరిచేస్తా," అంది అత్తగారు. "గాటు అలాగే ఉండాలి."