తెల్ల ఓవరాల్‌కి పంచదార

అప్పట్లో ఆదివారం చర్చి నుంచి రాగానే నేను చేసే మొదటి పని నా మొగుడి ఓవరాల్ నానబెట్టడం. గథోగో ఆ ఓవరాల్ ఒంటినిండా తొడుక్కుని గులాబీలకి పురుగుమందు కొడతాడు. నైవాషా సరస్సు ఒడ్డున మేం పనిచేసే పూలతోట మేనేజరు ఒక వింత పద్ధతి పెట్టాడు. నెలకోసారి మందు కొట్టేవాళ్ళని వరసలో నిలబెట్టి, ఎవరి ఓవరాల్ అందరికంటే తెల్లగా ఉంటే వాళ్ళకి పంచదార పొట్లం ఇచ్చేవాడు. దాంతో మా ఆడవాళ్ళకి ఉతుకుడు పందెం పట్టుకుంది. పొట్లం మొగుడికి, నడుం నొప్పి పెళ్ళానికి. మా అత్తగారు ఆ పంచదార వేసుకుని టీ తాగుతూ, నా కొడుకుని నలుగురిలో తలెత్తుకునేలా చేస్తున్నావని మెచ్చుకునేది. నిజం చెప్పొద్దూ, నేనూ పొంగిపోయేదాన్ని.

ఆ బకెట్లోనే నా చంటిపిల్ల న్జోకి గుడ్డలు కూడా నానేవి. దానికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. గోక్కుంటూ, ఏడుస్తూ పాలు కూడా సరిగ్గా తాగేది కాదు. దొరికిన నూనెలన్నీ పూశాను.

"పిల్లని చూసుకోవడం కూడా రాదా నీకు?" అన్నాడు గథోగో.

ఓవరాల్ తళతళలాడుతోంది కాబట్టి తప్పు నా పెంపకానిదే అయింది. పగిలిపోయిన నా చేతుల సంగతి ఎవరూ అడగలేదు.

షెడ్డులో నా పక్కన పూలు కట్టే జెరోటిచ్ యూనియన్‌లో ఆడవాళ్ళ తరఫు మనిషి. ఒకరోజు నా చేతులు పట్టుకుని చూసింది.

"న్జోకి వాళ్ళమ్మా, మందు బట్టలు తోట గేటు దాటకూడదు. ఉతికించే బాధ్యత కంపెనీదని చట్టమే ఉంది. నువ్వు పారబోసే నీళ్ళు ఎక్కడికి పోతాయి? సరస్సులోకే. ఆ చేపలే మనం వేయించుకు తింటున్నాం."

నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. తప్పు నా పెంపకంలో లేదు, బకెట్లో ఉంది.

ఇంటికెళ్ళి గథోగోకి చెప్పేశాను, ఇకమీదట ఓవరాల్ తోటలోనే వదిలి రమ్మని.

"పంచదార పోతుందే," అన్నాడు.

"పిల్ల పోతుంది," అన్నాను.

మర్నాటి నుంచి ఓవరాల్ తోటలోనే వదిలి వచ్చాడు. నన్ను చూసి మిగతా ఆడవాళ్ళూ ఉతకడం మానేశారు. వరసలో అందరివీ మురికి ఓవరాళ్ళే అయ్యేసరికి మేనేజరు చిందులు తొక్కాడు. యూనియన్ వాళ్ళు చట్టం ముందు పెట్టారు. చివరికి తోటలో లాండ్రీ కట్టారు, వాడిన నీళ్ళు సరస్సులో కలవకుండా గుంట కూడా తవ్వారు. ఉతకడానికి జీతమిచ్చి, చేతులకి తొడుగులిచ్చి ఇద్దరు మగవాళ్ళని పెట్టారు. న్జోకి ఒళ్ళు ఇప్పుడు నున్నగా ఉంది. దాన్ని పక్కలో వేసుకుని హాయిగా నిద్రపోతున్నాను.

మొన్న ఆదివారం గథోగో తన చర్చి చొక్కా తెచ్చి బకెట్లో పడేశాడు. ఇది మందు బట్ట కాదుగా, ఉతికిపెట్టమన్నాడు.

"లాండ్రీలో ఉతికేది మగవాళ్ళేగా, వెళ్ళి నేర్చుకుని రా," అని బకెట్ అతని ముందుకు జరిపాను.