ఉప్పునీళ్ల మర్యాద

నేను ఆఫీసుకి టైముకి వెళ్లలేనండి. మా రాజమండ్రి ఇంటి నుంచి ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసు దూరమేం కాదు. గడప దాటబోతే మా ఆవిడ లక్ష్మీదుర్గ తుమ్ముతుంది. శకునం కదా, వెనక్కొచ్చి కూర్చుని మంచినీళ్లు తాగి లేస్తాను. మళ్లీ తుమ్ముతుంది. ఏడాది పొడుగునా ఇంతే. మా సూపరింటెండెంటు లోవరాజుగారు నాకోసం మధ్యాహ్నం నుంచే చూడ్డం మొదలెడతారు.

ముక్కు దిబ్బడేసి ఆవిడకి వాసనలే తెలీవు. తుమ్ములు ముదిరితే ఆయాసం. మేడ మీద వడియాలు పెట్టడానికి వెళ్తూ మెట్ల మధ్యలో కూలబడిపోతుంది. డాక్టర్ జానకిరామ్ గారు ఉబ్బసం ఉన్నవాళ్లకి ముక్కులో కొట్టుకునే కొత్త మందు పరీక్షిస్తున్నారంటే చేర్పించాను. ఒకదాని తర్వాత ఒకటి రెండు సీసాలు. ఒకదాంట్లో మందు, రెండోదాంట్లో ఉత్త ఉప్పునీళ్లు. ఏది ఏదో ఆఖర్నే చెబుతారు.

మొదటి సీసా అయిపోయింది. ఏం తగ్గలేదు.

"ఎలా ఉందమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"పూర్తిగా తగ్గిపోయిందండి," అని వస్తున్న తుమ్ముని కొంగులో దాచేసింది.

బయటికొచ్చాక అదేంటన్నాను. "కుర్చీ వేయించి, టీ ఇప్పించిన మనిషితో మీ మందు బాలేదంటామా? మా పెనుగొండ వాళ్లకి మర్యాద తెలీదనుకోరూ?"

రెండో సీసాకి నిజంగానే తగ్గింది. వడియాలు పెట్టేసి, ఆగకుండా మెట్లు దిగొచ్చి, "ఏవండీ, ఈ కంపు మీ సాక్సులదా? పెళ్లైన దగ్గర్నుంచీ ఇంతేనా?" అంది. అంత ఆనందం నాకెప్పుడూ కలగలేదు.

మొన్న వెళ్తే డాక్టరుగారు అసలు సంగతి చెప్పారు. "మొదటిది ఉప్పునీళ్లేనమ్మా. మీకు దాంతోనే తగ్గిపోయిందిగా, ఇంక మందెందుకు? సోమవారం రండి, ఉప్పునీళ్లే పెద్ద సీసా ఇస్తాను."

"చాలా థాంక్సండి," అంది మా ఆవిడ.

ఇంటికొచ్చాక, నిజం చెప్పేద్దామన్నాను. "అబద్ధమాడానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? మీరే చెప్పండి," అంది.

నిన్న చెబుదామనే వెళ్లాను. డాక్టరుగారు కుర్చీ వేయించారు. టీ తెప్పించారు. "మీ ఆవిడ లాంటి పేషెంట్లుంటే మాకు ఉత్సాహమండి," అన్నారు.

"అంతా మీ దయండి," అని వచ్చేశాను.

రెండో సీసా ఊపితే ఇంకా చప్పుడవుతోంది. ప్రస్తుతానికి ఆవిడ తుమ్మట్లేదు, అందుకని నేనూ టైముకే ఆఫీసుకెళ్లిపోతున్నాను. లోవరాజుగారు ఒంట్లో బాలేదా అని అడిగారు.

బాబ్బాబు, మీకు దణ్ణం పెడతాను. ఎవరి మర్యాదా పోకుండా డాక్టరుగారికి ఈ సంగతెలా చెప్పాలో సోమవారంలోగా ఎవరైనా చెప్పండి. కుర్చీ వేస్తాను, టీ కూడా ఇప్పిస్తాను. నచ్చకపోతే మాత్రం మొహం మీదే చెప్పేయండి.